మా బండికి రెండు మూతలు

మా యారాలి బండికి మూత ఉంది, మా బండికి లేదు. ఆ ఏడాదంతా నా కడుపుమంటకు ఇదొక్కటే కారణం.

పుంగనూరులో మేమూ, మా మరిదీ పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం. అన్నదమ్ములిద్దరికీ చెరొక పికప్ బండి. చుట్టుపక్కల పల్లెల్లో టమోటా క్రేట్లు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు తోలడం పని. ఆ బండ్లలో డీజిలు పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. ట్యాంకేమో సరుకు వేసే తొట్టి కింద. పంపు జాలీకి మడ్డి పట్టి బండి ఆగిందంటే, ట్యాంకు మొత్తం విప్పి కిందికి దించాలి. అంతలోపల మార్కెట్లో వేలం అయిపోతుంది.

మా మరిది భార్యది, అంటే మా యారాలిది, కుప్పం. అక్కడ వాళ్లన్నకు వెల్డింగ్ షాపు ఉంది. ఆయన మరిది బండి తొట్టి అడుగున, సరిగ్గా పంపు పైకి వచ్చేటట్టు, పలకంత బొక్క కోసి మూత బిగించి పంపాడు. ఇక వాళ్ల బండి ఆగితే పైనుంచే మూత తీసి, పంపు లాగి, కడిగి పెట్టేయడమే. ఒకసారి మా ఆయన రోడ్డు పక్కన ట్యాంకు దించుకుంటూ ఉంటే, మరిది బండి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయిందట. మా ఆయన దాన్ని నవ్వుతూ చెప్పాడు. నాకు అన్నం సహించలేదు.

మూత వరకే అయితే ఓర్చుకుందును. ఆమె ఇంటికి వచ్చినవాళ్లందరినీ తొట్టి ఎక్కించి చూపించేది. శుక్రవారం బండికి పసుపూ కుంకుమా పెట్టేటప్పుడు మూతకు వేరుగా ఒక బొట్టు. మా అన్నకు చెప్పి మీకూ చేయించేదా అని నన్నడిగింది. అడగడంలో తప్పు లేదు, తప్పంతా ఆ గొంతులో ఉంది. ఫిజిక్సుతో బీఎస్సీ చదివినదాన్ని నేను. ఆమె పదో తరగతి గడప దాటలేదు. ఆ ఆలోచన రావలసింది నాకు.

కొత్త బండికి బొక్క ఎందుకని మా ఆయన అడ్డం తిరిగాడు. నేను వదిలితేగా. వాదించి వాదించి, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకోమనిపించాను.

యారాలు ఏదో పెళ్లికని కుప్పం పోయిన రోజు, జాకెట్లు కుట్టే టేపు పట్టుకుని వాళ్ల తొట్టిలోకి ఎక్కాను. క్యాబిన్ నుంచి మూత ఎంత దూరం, పక్క రేకు నుంచి ఎంత, పొడవెంత, వెడల్పెంత, అన్నీ కొలిచాను. రెండూ ఒకే కంపెనీ బండ్లు, ఒకే తెలుపు. మా మూత మాత్రం ఒక అంగుళం పెద్దదిగా ఉండాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

మర్నాడే బండిని మెకానిక్ షెడ్డుకు పంపించి, వెనకాలే నేనూ వెళ్లాను.

"ముందు కిందికి దూరి పంపు యాడుండాదో సూస్తానమ్మా" అన్నాడు మెకానిక్.

"సూసేదేముందప్పా, కొలత నా దగ్గరుండాది."

అతను గ్రైండరు తీస్తే దానికీ అడ్డం పడ్డాను. డీజిలు ట్యాంకు నెత్తిన నిప్పురవ్వలేంటని చిన్న పాఠమే చెప్పాను. పాపం, గీత వెంబడి వరసగా బెజ్జాలు వేసి, నీళ్లు చల్లుకుంటూ ఉలితో కొట్టి రేకు ఊడదీశాడు.

కింద పంపు లేదు. అడ్డంగా ఒక ఇనుప దూలం ఉంది. దాని పక్క సందులోంచి షెడ్డు నేల, నేల మీద మెకానిక్ విప్పిన చెప్పులు కనిపించాయి.

మరిదిది ముందొచ్చిన మోడలట. మాదాంట్లో ట్యాంకును మూరెడు వెనక్కి జరిపారట. జరిపినవాళ్లు ఆ సంగతి బండి మీద రాసి ఉండాల్సింది. ఈ మాట నేను ఇప్పటికీ అంటాను.

మెకానిక్ కిందికి దూరి, పంపు ఉన్నచోట చువ్వతో పై రేకును తట్టాడు. చప్పుడు వచ్చిన చోట నేను సుద్దతో గుర్తు పెట్టాను. రెండో బొక్క సరిగ్గా పంపు మీద పడింది. టమోటా రసం లోపలికి కారకుండా అంచుకు సైకిల్ ట్యూబు ముక్క వేసి మూత బిగించాడు. మొదటి బొక్కకూ మూత చేయించక తప్పలేదు.

"ఇదేంది, బండికి రెండు కండ్లు పెట్టిచ్చినావు?" అన్నాడు మా ఆయన.

ఆయనకు జవాబు చెప్పుకోవచ్చు. నా భయమంతా కుప్పం నుంచి వచ్చే బస్సు గురించే. దొంగతనంగా కొలిచి, తప్పుచోట కోయించానని ఆమె పసిగట్టిందంటే నేను వీధిలో తలెత్తుకోలేను.

దిగింది. చేతిలో సంచీ అయినా దించకుండా తొట్టి ఎక్కి రెండు మూతలూ చూసింది.

"రెండోది దేనికక్కా?"

నాకు ఏనాడూ మాట కరువు రాలేదు. "కొత్త మోడలు కదమ్మా. ఇది సామాన్లు పెట్టుకునేదానికి. మీదాంట్లో లేదా?"

ఆమె ముఖం వాడిపోయింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నెల తిరక్కముందే వాళ్ల బండి కుప్పం వెళ్లొచ్చింది, రెండో మూతతో. నన్ను చేయి పట్టి తొట్టి ఎక్కించి, మూత ఎత్తి చూపించింది. కింద దూలం లేదు, నేలా లేదు. వాళ్లన్న లోపల చక్కని రేకు పెట్టె బిగించాడు. అందులో తాళ్లు, జాకీ, మా మరిది అన్నం క్యారియరు. పైన తాళం కప్ప. మాదాంట్లో ఏం పెట్టినా మదనపల్లె రోడ్డు మీద ఏరుకోవాల్సిందే.

"నువ్వు చెప్పబట్టే గదక్కా ఇది" అంది. నిజంగా అన్నదో, నన్ను పొడవడానికే అన్నదో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

మా ఆయన క్యారియరు సీటు మీదే ఒలుకుతూ పోయేది. ఆ వారమే యారాలూ మరిదీ సినిమాకు వెళ్లారు. నేను టేపు తీసుకుని మళ్లీ వాళ్ల తొట్టి ఎక్కాను.