చుక్కానివాడు మునిగాడా, తేలాడా

ఆదివారం ఆరాధన అయ్యాక మా దీవిలో, ఈ జంగ్లీఘాట్‌లో బుద్ధున్న మనుషులు చేపల పులుసు తిని పడుకుంటారు. మా ఇంట్లో మాత్రం నా పరుపు లేచి నిలబడుతుంది. మా మనవరాలు దాన్ని మంచం మీంచి ఈడ్చుకొచ్చి వరండా కమ్మీలకు తాడేసి కడుతుంది. వీధిలో ఆటోల మోత లోపలికి రాకూడదట. పాడ్‌కాస్ట్ రికార్డు చేస్తారట. అదేమిటే అని అడిగితే, "రేడియో లాంటిదే తాతా, కాకపోతే మనిష్టం వచ్చినప్పుడు వినొచ్చు" అంది. రేడియో నాకు తెలుసు. అందులో మాట్లాడేవాడు ముందు మాట్లాడటం నేర్చుకుని వచ్చేవాడు.

మొత్తం ముగ్గురు. మా మనవరాలు ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. ఫెర్రీలో టికెట్లు చూసే పొడుగు కుర్రాడొకడు. చౌల్దారీ నుంచి స్కూటీ మీద వచ్చే కళ్ళజోడు కుర్రాడు ఇంకొకడు. ఈ కళ్ళజోడాయన తండ్రికి అరటితోట ఉంది. అందులో దిగి నాలుగు పిలకలు నాటమంటే ఈయనకు నడుంనొప్పి. ఫోనులో మాత్రం పొద్దస్తమానం తోట ఆట ఆడతాడు. అందులో దున్నుతాడు, నీళ్ళు పెడతాడు, కోతలు కోస్తాడు. "ఈసారి నా గుమ్మడికాయలు చూశారా?" అని నాకే చూపించాడొకసారి. కూర వండుకో నాయనా, అన్నాను.

ముగ్గురికీ బొమ్మల కథల పిచ్చి. తప్పనను. ఆ పిచ్చి నాకూ ఉండేది. కానీ మేం పుస్తకం దొరికితే చదివేవాళ్ళం. వీళ్ళు మదరాసు నుంచి తెప్పించుకుని, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చెమ్మ తగలకుండా ఏదో పొట్లం వేసి, విప్పకుండా దాచుకుంటారు. విప్పితే విలువ పోతుందట. సంచి విప్పని పుస్తకం గురించి గంటసేపు మాట్లాడతారు! వీళ్ళు విప్పేవల్లా జపాను వాళ్ళ పుస్తకాలే. అవి వెనక అట్ట దగ్గర మొదలుపెట్టి, బొమ్మలు కుడి నుంచి ఎడమకు చూడాలి. వాళ్ళ దేశపు పద్ధతి వాళ్ళది, నాకేం అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా సొంత భాషలో చర్చిపాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడే పిల్ల, జపాను పద్ధతి మీద నాకు పాఠం చెప్పడం.

ఇక ఆ కబుర్లు.

"అరే యార్, రాత్రి మళ్ళీ ఆఖరి లెవెల్లో చచ్చిపోయాను" అంటాడు పొడుగువాడు.

"కిత్నీ బార్ మరేగా రే?" అంటాడు కళ్ళజోడు.

"మా ఇంట్లో నీళ్ళు రాలేదు గైస్, టాంకర్ కూడా రాలేదు, సో నేను స్నానం చెయ్యకుండా రికార్డింగ్‌కి వచ్చా" అంటుంది మా మనవరాలు. ముగ్గురూ పగలబడి నవ్వుతారు. గైస్ అంటే ఎవరే అని అడిగితే, వినేవాళ్ళట. ఈ పిల్ల స్నానం చెయ్యలేదన్న సంగతి చెవిలో తీగ పెట్టుకుని వినే మానవుడు ఈ లోకంలో ఎక్కడున్నాడో నాకు చూడాలని ఉంది.

అన్నిటికంటే మించింది స్పాయిలర్. ఒకడు కథ చివర చెప్పబోతే రెండోవాడు చెవులు మూసుకుని, "స్పాయిలర్! మత్ బోల్!" అని కేకలు. కొంపలంటుకున్నాయని నేను రెండుసార్లు బయటికి పరిగెత్తాను. చివర తెలిస్తే చెడిపోయేది కథ ఎలా అవుతుంది? చర్చిలో వీళ్ళు ప్రతి ఏడూ వినే కథ చివర వీళ్ళకు తెలియదా?

నేను బడికి పోలేదు. మా అమ్మ పక్కన చర్చిలో కూర్చుని, నోటికొచ్చిన పాటనే పుస్తకంలో చూస్తూ, ఈ శబ్దం ఈ గీత అయుండాలి, ఆ శబ్దం ఆ గీత అయుండాలి అని నాకు నేనే పట్టుకున్నాను. పాట నుంచి అక్షరానికి వచ్చినవాణ్ణి. తర్వాత హాడో జెట్టీలో ఓడల తాళ్ళు కట్టే పనిలో చేరాను. వైజాగ్ ఓడలో వంటవాడు మనవాడే. పిల్లల మాసపత్రిక ఒకటి నా కోసం తెచ్చేవాడు. ఓడ ఎప్పుడొస్తే అప్పుడే నెల. ఒక్కోసారి ముందు నెలది తర్వాత, తర్వాత నెలది ముందు వచ్చేది. చివర చదివి, మధ్య చదివి, ఆఖరున మొదలు చదివిన కథలు నాకెన్నో ఉన్నాయి. ఏదీ చెడిపోలేదు.

అది తీసుకుని జంగ్లీఘాట్ ఒడ్డున వలలు బాగుచేసే పాకకు పోయేవాణ్ణి. అక్కడ నా నేస్తం ఉండేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన వాళ్ళ అబ్బాయి. ఈత తప్ప ఇంకే చదువూ లేదు. నేను చదువుతుంటే పాకంతా వినేది. ఆ పాకకు ఒక పద్ధతి ఉండేది. చదివేవాడు బొమ్మ మీద వేలు పెట్టి చదవాలి. వినేవాడు తన వేలు ఆ వేలి వెనకే జరుపుకుంటూ రావాలి. వేలు పెట్టకుండా చెప్పిన మాట చెల్లదు. "నోటితో ఎవుడైనా సెప్తాడు, ఏలు ఎట్టు" అనేవాడు మావాడు. నా వేలి వెనక వాడి వేలు, చేపవాసనతో.

ఆ పత్రికలో ఒక సీరియల్ బొమ్మల కథ. ఓ పడవలో చుక్కాని పట్టే కుర్రాడు సుడిగుండంలో పడిపోతాడు. ఒడ్డున తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది. తరువాయి వచ్చే సంచికలో. ఆ వచ్చే సంచిక రాలేదు. ఓడ రిపేరుకు పోయింది. వంటవాణ్ణి వేరే ఓడకు మార్చారు. మళ్ళీ పత్రిక చేతికొచ్చేసరికి అందులో వేరే కథ మొదలైపోయింది.

అప్పటినుంచి మా ఇద్దరికీ అదే తగువు. చచ్చిపోయాడని నేను. సుడిగుండం ఎవణ్ణి వదిలింది? వచ్చాడని వాడు. "సుడిలో పడ్డోడు ఈదకూడదు, ఊపిరట్టుకుని కిందకెల్లి పక్కకు తేలాల. ఆడు తేల్తాడ్రా" అనేవాడు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, సునామీ తర్వాత శిబిరంలో కూడా ఇదే వాదన. తలలు పండిపోయాయి, వాదన మాత్రం పండలేదు.

ఇప్పుడు వాడి కడుపులో గడ్డ. ఇక్కడ కాదు, వైజాగ్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి, ఆలస్యం చెయ్యకండి అన్నారు డాక్టర్లు. విమానం ఎక్కరా అంటే, "గాల్లో ఎగరడానికి నానేటి కాకినా?" అన్నాడు. ఓడకే టికెట్ తీశారు. ఈ ఓడ తప్పితే వైజాగ్‌కు మళ్ళీ ఎప్పుడో ఓడలవాళ్ళకే తెలియదు. చూడటానికి వెళ్ళినప్పుడు నవ్వుతూనే అన్నాడు: "సుక్కానోడు తిరిగొచ్చినాడంటే నానూ తిరిగొత్తాను. నువ్వే సెప్పాల మరి." నేనూ నవ్వేశాను.

సరిగ్గా అప్పుడే మా పండితులకు ఆ సంచిక దొరికింది. సముద్రం అడుగున తీగ వేశాక నెట్‌కు రెక్కలొచ్చాయి కదా. ఎవరో పాత పత్రికలన్నీ ఫోటోలు తీసి పెట్టారట. నా దగ్గర విన్న కథే కాబట్టి మనవరాలు బొమ్మలు చూసి గుర్తుపట్టింది. చూపించవే అన్నాను.

"నహీ తాతా! నెక్స్ట్ సండే ఎపిసోడ్ దీని మీదే. స్పాయిలర్ ఇవ్వను."

"నెక్స్ట్ సండేకి మావాడు నడి సముద్రంలో ఉంటాడే."

"అప్పుడు ఓడలో వింటారు."

"ఓడలో సిగ్నల్ ఉంటుందా, నీ మొహం!"

పొడుగువాడికి జాలేసింది. "బతాదే యార్, బుజుర్గ్ హై" అన్నాడు, ముసలాయన కదా చెప్పెయ్యమని. అప్పుడు మా మనవరాలు ఏదో వరమిస్తున్నట్టు చెప్పింది. "ఒక్కటే చెప్తా. వాడు అమ్మను గట్టిగా పట్టుకుంటాడు, తర్వాత సముద్రంలోకి నడిచిపోతాడు. లాస్ట్‌లో ఖాళీ సముద్రం, అమ్మ ఒక్కతే. సూపర్ డార్క్ ఎండింగ్ తాతా!"

నేనే గెలిచాను! అంతకంటే ఇంకేం ఆలోచించలేదు. చెప్పులేసుకుని సరాసరి వాడింటికి వెళ్ళి, గుమ్మంలోంచే, "ఒరే, పోయాడ్రా నీ చుక్కానివాడు! సముద్రంలోకే పోయాడు!" అని అరిచాను. వాడు ఎదురు వాదించలేదు. అలా ఒక వాదన వదిలెయ్యడం వాడి జన్మలో లేదు. గోడవైపు తిరిగి, "అలాగేటి" అన్నాడు.

మర్నాడు పొద్దున వాడి భార్య మా ఇంటికొచ్చింది. "అన్నయ్యా, పెట్టి ఇప్పించీసినాడు. ఓడెక్కనంటన్నాడు. ఏటి సెప్పినావు నువ్వు ఆడికి?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఎవరి మీద పడాలి? దగ్గర్లో ఉన్నవాళ్ళ మీద. షాపుకు పోయి మనవరాలి చేతిలో ఫోను లాక్కుని, తియ్యవే ఆ పేజీ అన్నాను. తీసింది. పేజీ అంతా సముద్రం, అడుగున ఒకే వరసలో మూడు బొమ్మలు. ఎడమ పక్క ఖాళీ సముద్రం, ఒడ్డున తల్లి ఒక్కతే. నడుమ, నడుం లోతు నీళ్ళలో నల్లటి నీడలా మనిషి. కుడి పక్క తల్లీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని. కింద ఒక వాక్యం: "పోయినవాడు వచ్చాడు, ఆ ఇంట మళ్ళీ పొయ్యి వెలిగింది."

"ఎటునుంచి చూశారే దీన్ని?"

కుడి బొమ్మ మీద వేలు పెట్టింది. నడిమి దాని మీదికి జరిపింది. ఎడమ దాని మీద ఆపింది. ఆపాక దానికే వెలిగింది. "అయ్యో" అంది.

"జపాను పండితులు! తెలుగు పత్రిక తెలుగువైపు నుంచి చూడాలని తోచలేదూ? కింద వాక్యం ఉంది కదే!"

"అది 'సమాప్తం' అనుకున్నాం తాతా."

ఇంత పొడుగు సమాప్తం ఎక్కడైనా ఉంటుందా! దుకాణం ముందే నాలుగు దులిపాను. దులుపుతూనే తెలుస్తోంది, వీళ్ళు తప్పు చూశారు సరే, పేజీ చూడకుండా ఎగురుకుంటూ పోయింది ఎవరు? వేలు పెట్టని మాట చెల్లదని ఆ పాకలో నేర్చుకున్న మనిషి.

మనవరాలు కబురు పెడితే మిగతా ఇద్దరూ వచ్చారు. ఫోను పట్టుకుని మావాడింటికి వెళ్ళాను, పిల్లలు ముగ్గురూ వెంట. చుక్కానివాడు వచ్చాడ్రా అన్నాను.

"నిన్న సచ్చిపోనాడన్నావు. ఇయాల బతికినాడంటన్నావు. ఓడెక్కించడానికి ఎవులు నేర్పినారీ మాట? మా ఆడదా?"

"కాదురా, చూడు, పేజీ ఇదిగో."

"అయితే ఏలు ఎట్టి సదువు."

వేలు పెట్టాను. వాడూ నా వేలి వెనక వేలు పెట్టాడు. పెట్టగానే బొమ్మ ఉబ్బి ఫోనంతా తల్లి ముక్కే అయింది. మళ్ళీ పెడితే పేజీ ఎగిరిపోయి ఎవరిదో సబ్బు ప్రకటన వచ్చింది. "సూసినావా, నిలవట్లేదు. అబద్ధం నిలవదు" అన్నాడు మావాడు, ఎంతో తృప్తిగా.

కళ్ళజోడు కుర్రాడు స్కూటీ తీశాడు. జిరాక్స్ షాపుకు పోయి సంచికంతా పెద్ద కాగితాల మీద అచ్చు తీయించుకొచ్చాడు. వాడి చేత్తో చెయ్యగా నేను చూసిన మొదటి పని అది, నిజం తోట నుంచి ఫోను తోట దాకా.

కాగితాలు మంచం మీద పరిచి మొదటి నుంచి చదివాను. గొంతు పాతదే, మధ్యలో దగ్గు కొత్తది. నా వేలు ఎడమ నుంచి కుడికి, వాడి వేలు దాని వెనక. వాడి వేలు సన్నబడిపోయింది, గోరు పసుపు రంగులోకి తిరిగింది. ఆఖరి వరసకు వచ్చాం. ఖాళీ సముద్రం. ఆగాం. నీళ్ళలో మనిషి. ఆగాం. తల్లి దగ్గరికి నా వేలు పోకముందే వాడి వేలు నన్ను దాటుకుని పోయింది. అక్కడే ఉండిపోయింది. కింది వాక్యం చదివాను. మా మనవరాలు ఫోను పట్టుకుని నిలబడి ఉంది. గైస్ అనలేదు.

"ఇంకోపాలి" అన్నాడు. ఇంకోసారి చదివాను.

అప్పుడు వాడు లోపలికి కేకేశాడు. "ఒలే, పెట్టి సర్దు. ఆడొచ్చినాడంట." తర్వాత నావైపు తిరిగి, "ఇన్నేళ్ళు సదూకున్నోడివి నువ్వు ఓడిపోనావు. నాను వైజాగ్ నుంచొచ్చి మిగతాది తిడతాను" అన్నాడు.

ఓడ రోజు హాడో జెట్టీ దగ్గర వరసలో నిలబడ్డాం. వాడికి కుర్చీ ఇస్తామంటే కూర్చోలేదు. చొక్కా జేబులో ఆఖరి పేజీ మడిచి పెట్టుకున్నాడు. ముందున్న బెంగాలీ ఆయనతో, వెనకున్న తమిళావిడతో, సామాను మోసేవాడితో, తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టాడు: "సునో భయ్యా, ఏక్ సుక్కానోడు థా. సుడిలో పడ్డాడు. మర్ గయా అనుకున్నారు సబ్ లోగ్. ఇదిగో ఈ సదూకున్నోడు భీ. లేకిన్..."

"తాతా, స్పాయిలర్! ఎపిసోడ్ ఇంకా రాలేదు!" అని తాడు అవతల నుంచి మా మనవరాలు రెండు చేతులూ ఊపుతూ అరిచింది.

"వాపస్ ఆయా!" అన్నాడు మావాడు వరసంతా వినేట్టు. జేబులోంచి కాగితం తీసి, బెంగాలీ ఆయన వేలు పట్టుకుని, ఎడమ బొమ్మ మీద పెట్టి, ఓడ మెట్లెక్కడం మొదలుపెట్టాడు.