నెల రోజుల ఫౌజు, రెండు పేర్ల తాత

రాసుకో బిడ్డా. పేర్లు మాత్రం రాయకు. మీ తాత పేరు నేను నా నోటితో ఎన్నడూ అనలేదు, ఇప్పుడు నీ కలంతో అనిపించకు. కట్టుకున్నవాడి పేరు పలకొద్దని మా అవ్వ నేర్పింది. ఆ పద్ధతి వల్ల నాకు జీవితంలో ఒక్కసారి లాభం కలిగింది. అదీ చెప్తాను, తొందరపడకు.

మీ తాతకు రెండు పేర్లు. ఒకటి వాళ్ళ బాపు పెట్టింది, రెండోది బొగ్గుబాయి, అదే మీరనే బొగ్గుగని, పెట్టింది. పోలీసు యాక్షన్ అయిన రెండేళ్లకు మగ్గం మీద పూట గడవక, కరీంనగర్ అవతల ఉన్న మా ఊరి నుంచి ఇద్దరు బెల్లంపల్లి వచ్చారు. ఒకడు మీ తాత. రెండోవాడు నాకు వరసకు అన్న, కాబట్టి అన్న అనే రాయి. ఆ రోజు ఒక్కరికే పని ఉందన్నాడు కూలీలను పెట్టుకునే సర్దార్. అన్న ముందు నిలబడ్డాడు గనుక ఆయన పేరు రాసుకుని, హాజరుకు చూపే ఇత్తడి బిళ్ళ ఆయన చేతిలో పెట్టారు. పుట్టినప్పటి నుంచి గుంట మగ్గంలో నడుం దాకా గుంతలో కూర్చుని నేసిన మనిషి, ఈ గుంతను మాత్రం మూడు రోజులే చూశాడు. మూడోనాడు పైకి వచ్చి బిళ్ళ తీసి మీ తాతకు ఇచ్చాడు.

"నీకు పుణ్యముంటది బావా, గిది నువ్వే ఉంచుకో. సచ్చినంక ఎట్లాగూ భూమిలకే పోత. గిప్పటి సంది ఎందుకు?" అని రైలెక్కాడు.

సర్దార్‌కు కావలసింది రెండు చేతులు. అవి ఎవరివైతే ఏం? "బిళ్ళ ఎవని దగ్గరుంటే వాడే మనిషి, నడువు" అన్నాడు. అంతే, ఆ పూట నుంచి కంపెనీ పుస్తకంలో మీ తాత మా అన్న అయ్యాడు. తండ్రి మారాడు, తాత మారాడు. మా కార్మికుల ఇళ్ళ లైన్లో అట్లా మారుపేరుతో బతికేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉండేవారు, ఎవరూ వింతగా చూసేవారు కాదు. దవాఖాన చీటీ మీద నేను మా అన్నకు పెళ్ళాన్ని. ఎంత భాగ్యమో చూడు, ఇద్దరు మొగుళ్ళ ఇల్లాలిని, ఒక్క జీతంతో సంసారం.

పన్నెండేళ్ళు గడిచాయి. ఇద్దరు పిల్లలు, కంపెనీ క్వార్టరు, వాకిట్లో ఒక మునగ చెట్టు. అప్పుడు చైనా యుద్ధం వచ్చింది. అది అయిన మరుసటేడు, ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళనే సిపాయిలుగా తీసుకుంటామని ఫౌజువాళ్ళు మైదానంలో టేబులు వేశారు. ఏడాదిలో ఒక్క నెల క్యాంపు, మిగతా పదకొండు నెలలు ఎవరి పని వారిది. మీ తాత పొద్దటి షిఫ్టు దిగి, మసి మొహంతోనే పోయి వరుసలో నిలబడ్డాడు. ఇంటికొచ్చినప్పుడు ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చి ఉంది.

"క్యాంపుల ఉన్నన్ని దినాలు సిపాయి జీతం. మూడు పూటల తిండి. బూట్లు, కంబళి. ఆఖర్న ఇనాం" అని వేళ్ళ మీద చెప్పాడు.

"మరి ముసలోనివైనంక?" అన్నాను.

"ఫౌజు గాదె! పింఛను ఇయ్యకుంట ఉంటరా?"

"అడిగినవా?"

"దేశం కోసం పోయినోడు గవన్నీ అడుగుతడానే?"

అడగలేదన్నమాట. సరే, ఏ పేరు రాయించావని అడిగాను. ఆయన నన్ను ఎంత చిన్నచూపు చూశాడో ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. "చైనోని మీదికి పోయేటోడు దొంగపేరుతోని పోతడా? నా సొంత పేరే రాయిచ్చిన, మా బాపు పేరు సుత" అన్నాడు. బొగ్గు తవ్వడానికి ఏ పేరైనా చాలట, ప్రాణం ఇవ్వడానికి అసలు పేరే కావాలట. అంత నిజాయితీ ఆ ఒక్క పూటకు ఎక్కడినుంచి ఊడిపడిందో నాకు తెలియదు.

క్యాంపు కాగితం రానే వచ్చింది. సికింద్రాబాదు దగ్గర ముప్పై రోజులు. పోకపోతే ఫౌజువాళ్ళే వచ్చి పట్టుకుపోతారు. పోతే బాయిలో నాగాలు పడతాయి. ఊళ్ళో పెళ్ళి ఉందని చెప్పి పది రోజుల సెలవు తెచ్చుకున్నాడు. మిగతా ఇరవై రోజుల సంగతేమిటి?

"మేజర్ సాబు బాయి దొరకు కాయితం రాస్తడు. గీ మనిషి ఫౌజుకు వచ్చిండు, ఈని నౌకరి ముట్టద్దు అని. కానూను అట్ల ఉన్నది. ఫికర్ చెయ్యకు."

"గా కాయితంల ఏ పేరు రాస్తడు?"

మీ తాత బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టాడు. "ఫౌజు మొహరు చూస్తె సాలు, పేరు ఎవడు చూస్తడే" అని వెళ్ళిపోయాడు.

పదిహేనో నాటికి మా తలుపు మీద నోటీసు అంటించారు. ఈ పేరుగల కార్మికుడు చెప్పకుండా నాగాలు పెడుతున్నాడు, వారంలోగా హాజరు కాకపోతే పేరు కొట్టివేస్తాం, క్వార్టరు ఖాళీ చేయాలి. నేను కొంగు బిగించి హాజరు పుస్తకం చూసే బాబు దగ్గరికి పోయాను.

"నీ మొగని పేరేంది?" అన్నాడు.

ఇక్కడ కలిగింది, బిడ్డా, నేను చెప్పిన లాభం. మిగతా ఆడవాళ్ళు ఆ ప్రశ్నకు తల దించుకుని పక్కవాళ్ళతో చెప్పించేవారు. నేను మా అన్న పేరు, ఇంటిపేరుతో సహా గొంతెత్తి చెప్పాను. బాబు బిత్తరపోయి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"మొగని పేరు గట్ల ఒర్రుతున్నవు, సిగ్గు లేదా?"

"కడుపు కాలుతుంటె సిగ్గెక్కడిది బాబూ?" అన్నాను. "ఫౌజు నుంచి కాయితం ఏమన్న వచ్చిందా?" అని మెల్లగా కదిపాను.

"వచ్చింది. గా పేరుగలోడు మా బాయిల లేడని వాపసు రాసినం. నీకెందుకు గది?"

ఏమని చెప్పను? ఆయనే ఈయన అంటే మారుపేరు బయటపడి ఉద్యోగం పోతుంది. ఊరుకుంటే నాగాలతో పోతుంది. ఇంటికి వచ్చి, పిల్లలను పక్కింటామెకు అప్పగించి, పెద్దపల్లిలో రైలు దిగి, బస్సెక్కి మా ఊరు పోయాను. అన్న మగ్గం గుంతలో ఉన్నాడు.

"అన్నా, నీ పేరు కొట్టేస్తున్నరు. పదిహేను దినాలు వచ్చి నీ పేరు నువ్వు కాపాడుకో."

"నా పేరు నా దగ్గరనే ఉన్నది చెల్లె, అక్కడున్నది మా బావది" అని పోగుల మధ్య షటిల్ విసిరాడు. చివరికి ఆ రోజుల జీతం మొత్తం తనకేనని, భూమి లోపలికి తనను దించనని ఒట్టు వేయించుకుని వచ్చాడు. దించనని నేను ఒట్టు వేశాను, బాయి నాదే అన్నట్టు.

పొద్దున్నే, మీ తాత ఇంట్లో వదిలి పోయిన బిళ్ళ చేతికిచ్చి, అన్నను హాజరు కిటికీ ముందు నిలబెట్టాను. బిళ్ళ చూసి బాబు తల ఎత్తాడు.

"ఎవడవురా నువ్వు? గీ బిళ్ళ మనిషిని పన్నెండేండ్ల సంది రోజు చూస్తున్న. నువ్వు గాదు."

"నేనే సారూ. మా అవ్వతోడు, నేనే."

"నువ్వెట్ల అయితవు? గా మనిషి పొడుగు."

బిడ్డా, ఆ పేరు మీద హక్కున్నవాడు లోకంలో ఒక్కడే, ఆ ఒక్కణ్ణే కాదంటున్నారు. చుట్టూ ఉన్న కార్మికులు నవ్వుతున్నారు. ఒకడు "పెండ్లికి పోతె గింత పొట్టిగైతడా?" అన్నాడు. బాబుకు రోషం వచ్చి, అందరి ముందూ పాత రిజిస్టరు తీసి, చేరినప్పుడు రాసిన గుర్తులు పైకి చదివాడు. ఎడమ చెంప మీద శనగగింజంత పుట్టుమచ్చ.

అన్న ఎడమ చెంప తిప్పాడు. ఉంది. మీ తాత చెంప మీద చెమట తప్ప ఏమీ ఉండేది కాదు. అంటే పన్నెండేళ్ళుగా ఈ బాబు పుట్టుమచ్చ లేని మనిషికి హాజరు వేస్తున్నాడు. పై దొరకు తెలిస్తే ముందు కొట్టేసేది ఎవరి పేరో ఆయనకు ఆ క్షణాన అర్థమైంది. రిజిస్టరు మూసి, దాని మీద మోచెయ్యి పెట్టాడు.

"గిప్పుడు గుర్తుకొచ్చింది. జర చిక్కినవు, గంతే. పో, పైన బొగ్గు ఏరుకో."

నోటీసు చింపేశారు. అన్న ఎండలో కూర్చుని బొగ్గులోంచి రాళ్ళు ఏరుతూ, మా ఇంట్లో పప్పు తింటూ, రోజురోజుకూ బాగుపడ్డాడు. క్యాంపు ముగిసి మీ తాత ఖాకీ బట్టల్లో వచ్చేసరికి అన్న మంచం మీద కాళ్ళు చాపి ఉన్నాడు.

"బావా, పని మంచిగున్నది. పేరు నాది, మచ్చ నాది. నువ్వు ఫౌజు చూసుకోరాదు?"

మీ తాత ఏం తెచ్చాడో చూద్దాం అనుకున్నాను. బూట్లు వాపసు తీసుకున్నారట. పింఛను సంగతి హవల్దారును అడిగితే, నెల రోజుల సిపాయికి నెల రోజుల ముసలితనానికి సరిపడా ఇస్తారులే అని అందరిలో నవ్వాడట. యుద్ధానికి పిలిచి ఏళ్ళకేళ్ళు పూర్తిగా ఉంచుకుంటే తప్ప, క్యాంపు రోజులు పింఛను లెక్కలోకి రావట. ఇనాం తర్వాత పంపిస్తామన్నారు. ఆ నెల జీతం, ఒంటి మీది ఖాకీ పోతే, చేతికి దక్కింది ఒక నల్ల కంబళి.

అన్నను కదిలించింది మేము కాదు, ఆ బాబే. మర్నాడు, పైన పని అయిపోయింది, లోపలికి దిగమని దీపం ఇచ్చాడు. అన్న ఆ దీపాన్ని అట్లాగే తెచ్చి మీ తాత నెత్తిన పెట్టి, మధ్యాహ్నం రైలెక్కాడు. రైలు కదిలేముందు కిటికీలోంచి చెంప చూపించాడు.

"నౌకరి దిగిపోయినంక ఫండు పైసలిచ్చేనాడు గుర్తులు చూస్తరట బావా, బాబు చెప్పిండు. గప్పుడు గీ చెంప కావాలె మీకు. యాది పెట్టుకో!"

ఇనాం బదులు కొన్నాళ్ళకు ఫౌజు కాగితం వచ్చింది. నీవు పనిచేస్తున్నానన్న చోట నీ పేరుగల మనిషి లేడని తెలిసింది. ఈ దళంలో ఉద్యోగం ఉన్నవారికే చోటు. కనుక నిన్ను తొలగించాము. పొద్దున నాలుగింటికి లేచి బాయికి పోయే మనిషి, ఆ కాగితం చదివించుకుని, పని లేనివాడినని తెలుసుకున్నాడు.

ఆ తర్వాత మా బతుకంతా మా అన్న ఆరోగ్యం చుట్టూ తిరిగింది. దసరాకు ఆయనకు ధోవతి. ఎండాకాలం మామిడిపండ్లు. బీడీలు మానమని ఉత్తరాలు. అందరు ఆడవాళ్ళు మొగుళ్ళ ఆయుష్షు కోసం మొక్కుతుంటే, నేను బాయిలోకి దిగే మొగుణ్ణి వదిలి, ఊళ్ళో కూర్చున్న అన్న కోసం కొబ్బరికాయలు కొట్టాను.

అరవై ఎనిమిదిలో, చలికాలం, అన్నకు జ్వరం తగ్గడం లేదని కబురు వచ్చింది. మీ తాత షిఫ్టు దిగి, స్నానం కూడా చెయ్యకుండా, పెట్టె అడుగు నుంచి ఫౌజు కంబళి తీశాడు. అయిదేళ్ళుగా దాన్ని మమ్మల్ని ఎవరినీ కప్పుకోనివ్వలేదు. ఊరు చేరగానే దాన్ని అన్న మీద కప్పి, మెడ దాకా లాగి, పక్కనే కూర్చున్నాడు.

అన్న ఒక కన్ను తెరిచాడు. "భయపడకు బావా," అన్నాడు, "చెంప మంచిగనే ఉన్నది."