డుంబ్రిగుడ పొలంలో, నాగలి ముందు

తన చేతి కష్టంతో బతికే స్త్రీ స్వతంత్రురాలేనా? ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఆడవాళ్ళు గడప దాటి పనిచేస్తే తప్ప వాళ్ళకు విడుదల లేదని నూరేళ్ళ కిందటి ఒక రచయిత్రి గట్టిగా నమ్మింది. విశాఖలో ఏటా ఆమె వాదాన్ని పాఠంగా చెబుతాను. ఈమధ్య చెబుతుంటే ఆ నమ్మకం నాకే చాలడం లేదు. బయట పనే లోకంగా బతికే ఆడవాళ్ళ మధ్య ఒక్క రోజైనా ఉండి చూద్దామని జూన్‌లో అరకు బయల్దేరాను.

ఉదయం ఏడు లోపే విశాఖలో ఎక్కిన రైలు సొరంగాలన్నీ దాటి పదకొండుకు అరకు చేర్చింది. అక్కడి నుంచి డుంబ్రిగుడ వైపు షేర్ ఆటో, ముప్పై రూపాయలు. చాపరాయి జలపాతం రాకముందే ఆపమంటే డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"ఇక్కడేటుందమ్మా? అందరూ సాపరాయి కాడ ఫొటోలు దిగి బేగి ఎలిపోతారు."

"పొలం పనిచేసేవాళ్ళని చూద్దామని."

"సూడ్డానికేటుంది? దిగి సెయ్యండి మరి!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

రోడ్డు పక్క పొలం చెక్కలో బుద్రి అనే నలభై ఏళ్ళామె ఒక్కతే పారతో నేల తవ్వుతోంది. గట్టున ఆమె అత్త కూర్చుని ఉంది. పక్కనే రెండు ఎడ్లు, ఒక నాగలి. భర్త కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. మరిది తన పొలం ముగించుకుని ఎల్లుండి గానీ రాడు. వాన పడి మూడు రోజులైంది. నేలలో ఈ పదును ఆరిపోయేలోగా చోళ్ళు, అంటే రాగులు, చల్లకపోతే ఈ ఏడు గింజ ఉండదు.

"ఎడ్లున్నాయి కదా, మీరే దున్నకూడదా?" అన్నాను.

ముసలామె ఉలిక్కిపడింది. "ఆడది నాగలి ముట్టుకుంటే వాన ఎల్లిపోద్దమ్మా!"

బుద్రి పార ఆపలేదు. "ఇత్తనం నేనే సల్లుతాను, కోత నేనే కోత్తాను, సంతకి నేనే మోత్తాను. అదొక్కటే కాదు."

"మీకేమనిపిస్తుంది?"

"నువ్వు పట్టుకుంటావేటి?" అని నా వైపు చూసింది. "పట్టుకుంటావు, ఆటో ఎక్కి ఎల్లిపోతావు. ఊళ్ళో మాట పడేది నేను."

గట్టు మీదున్న ఇంకో పార అందుకున్నాను. అరగంటకే నా చేతులు బొబ్బలెక్కాయి. వాళ్ళు పెట్టిన అంబలి తాగి మళ్ళీ తవ్వాం. మూడున్నరకు చూస్తే పావు వంతు కూడా కాలేదు. మట్టి పైపైన తెల్లబడుతోంది.

ముసలామె ఆ మట్టిని చాలాసేపు చూసి లేచింది. "ఒలే బుద్రీ, నానింటికెల్తన్నాను. నాకేటీ కనపడనేదు." వెనక్కి తిరగకుండా నడిచిపోయింది.

బుద్రి పార కింద పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వూ ఎల్లమ్మా. ఆటో పోద్ది."

వెళ్ళాను. మలుపు దాటేదాకా నేనూ తిరిగి చూడలేదు.

ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క మాట: నాలుగున్నర దాటితే అరకుకు షేర్ ఆటో దొరకడం కష్టం, తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. ఆ సాయంత్రం బుద్రి నాగలి పట్టిందో లేదో నాకు తెలియదు. పట్టి ఉంటే, ఎవరూ చూడకుండా పట్టిన దాన్ని విడుదల అనొచ్చా? ఆ రచయిత్రి అక్కడ ఉంటే తిరిగి చూసేదేమో, పట్టమని చెప్పేదేమో. నేను తలతిప్పుకున్నది బుద్రి మీద గౌరవంతోనా, మాట పడాల్సి వస్తుందన్న పిరికితనంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.