చట్రం మీది ఇరవై

గౌస్ మొహిద్దీన్ పదో తరగతి తప్పినవాడు. ప్రొద్దుటూరులో పన్నెండేళ్లు రేడియోలు బాగుచేసి, ఆ చేతిపనితోనే ప్రైవేటు స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటు అయ్యాడు. స్కూలుకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మూడు బ్రాంచీలు. ల్యాబ్ పెట్టె మాత్రం ఒక్కటే. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో తిరిగేవాడు గౌస్.

ఆరేళ్ల కిందట పులివెందుల బస్సు కుదుపుకు పెట్టెలోని కటకం పగిలింది. చెప్తే ఉద్యోగం పోతుందని, కళ్లద్దాల అంగట్లో అదే సైజుది కొని పాత ఇత్తడి చట్రంలో బిగించాడు. చట్రం మీద నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఇరవై సెంటీమీటర్లని చెక్కి ఉంది. కొత్తది కొలిస్తే పదిహేను వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ముప్పావుగంట పీరియడ్‌లో స్టాండ్లు నిలబెట్టి కొవ్వొత్తి వెలిగించేసరికే గంట కొట్టేవాళ్లు. "ఇరవై రాసుకోండి" అనేవాడు గౌస్.

ఆ సోమవారం ప్రార్థనలో ప్రిన్సిపాల్ మురళీమోహన్ కొత్త టైంటేబుల్ చదివాడు. ఇకమీదట రోజుకు నాలుగే పీరియడ్లు, ఒక్కోటి గంటన్నర. మొదటిది పదో తరగతికి ల్యాబ్. తానే వచ్చి చూస్తానన్నాడు.



"గంటన్నర సేపు పిల్లోళ్లు నిద్రపోకుంటే చాలు," అని గొణిగింది తెలుగు టీచరు అలివేలమ్మ. "ఒకదినం రాకుంటే రెండు పాఠాలు పాయె. నీకేం గౌసూ, నీ పనికి మంచిదే కదా. ఏంది అట్ల వణుకుతాండావు?"

"శానా చలిగా ఉంది మేడం."

"జూన్‌లోనా? ప్రొద్దుటూర్లోనా?"

ల్యాబ్‌లో ఎవరికీ తొందర లేదు. మేఘన అనే పిల్ల తెరను మెల్లగా జరిపింది. ఆరేళ్లలో మొదటిసారి, తలకిందులైన మంట అంచులతో సహా తేటగా పడింది. పనివాడిగా గౌస్‌కు ముచ్చటేసింది. కొలిస్తే దొరికిపోతానని తెలుసు. మేఘన మూడుసార్లు కొలిచి లెక్కగట్టింది. మూడుసార్లూ పదిహేనే.

ఆమె చట్రాన్ని చూసింది, వెనక నిలబడిన ప్రిన్సిపాల్‌ను చూసింది. "నాదే తప్పేమో సార్" అంటూ రబ్బరు తీసింది.

గౌస్ ఊరకుంటే ఈ పూటకు గండం గడుస్తుంది. రబ్బరు కాగితానికి తగిలింది.

"చెరపాకు పాపా. నీ చెయ్యి తప్పలే. చట్రం మీదిదే తప్పు."

మురళీమోహన్ ముందుకొచ్చాడు. "ఎప్పట్నుంచి?"

"ఆరేళ్లు సార్. పాతది నా దగ్గరే పగిలింది."

"మిగతా రెండు బ్రాంచీల్లో?"

"యాడైనా ఈ పెట్టే కదా సార్."

మురళీమోహన్ ఆరేళ్ల రికార్డు పుస్తకాలున్న బీరువా వైపు చూశాడు. "సాయంత్రం ఆఫీసుకు రా," అని వెళ్లిపోయాడు.

గంట కొట్టడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి. గౌస్ ఆకురాయి తీసి, చట్రం మీది ఇరవైని అరగదీయడం మొదలుపెట్టాడు. తరువాతి జట్టు కొవ్వొత్తి వెలిగించి, కటకం కోసం కాచుకుని నిలబడింది.