మరిడమ్మగారి కొసరు

మరిడమ్మగారు బేరమాడకుండా పుచ్చుకునేది ఈ లోకంలో గాలి ఒక్కటే. అదీ ఫ్యాను కింద నిలబడితే, "ఇంకో నంబరు పెంచు బాబూ, ఇదేం గాలి?" అంటారు. నలభై ఏళ్ళు నరసాపురం వీధుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. అమ్మేటప్పుడు బేరం, కొనేటప్పుడు బేరం, గుళ్ళో దేవుడి దగ్గరా బేరమే. పదకొండు కొబ్బరికాయలు మొక్కుకుని, కోరిక తీరాక దేవుణ్ణి ఐదుకి ఒప్పించి వచ్చారని వాళ్ళ పేటలో చెప్పుకుంటారు. దేవుడు ఎలా ఒప్పుకున్నాడో నాకు తెలియదు గానీ, నేను ఎలా ఒప్పుకున్నానో మాత్రం చెప్పగలను. నా పేరు గంగాధర్. ఎరువుల కొట్టు మేడ మీదున్న జిమ్ము నాదే.

ఆవిడ మొదటిరోజు ఇరవై రెండు మెట్లూ ఎక్కొచ్చి, డాక్టరు చీటీ నా బల్ల మీద పెట్టారు.

"మోకాళ్ళ గుజ్జు అరిగిందంట. ఎంత అరిగింది, పావా, సగమా అంటే చెప్పడే! తూకం తెలీని డాక్టరు."

"ఏం చెయ్యమన్నారమ్మా?"

"కండకి బలమొస్తే కీలు మీద భారం తగ్గుద్దన్నాడు. నీ దగ్గర బలం ఎలా ఇస్తున్నావు?"

వంకాయలెలా ఇస్తున్నావని అడిగినట్టే అడిగారు. అరవై నాలుగేళ్ళ మనిషి కదా అని జాగ్రత్తగా లెగ్ ప్రెస్ మెషీను మీద కూర్చోబెట్టి, తక్కువ బరువు పెట్టాను. "కాళ్ళతో పదిహేనుసార్లు తొయ్యండమ్మా."

"ఆరు."

"ఆరేంటమ్మా?"

"బోణీ బేరం బాబూ. ఆరు చేసుకో."

"పోనీ పద్నాలుగు." ఈ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పన్నెండేళ్ళ నా సర్వీసులో అదే మొదటి బేరం.

"ఏడు."

"అమ్మా, ఇది వ్యాయామం!"

"సరే, నీదీ వద్దు నాదీ వద్దు. పది."

పది తోశారు. ఆగారా అంటే ఆగలేదు. పదకొండు, పన్నెండు కూడా తోసి, "ఇవి కొసరు" అని దిగారు. ఆ తర్వాత చీరకొంగుతో మొహం తుడుచుకుని నా ఎదురుగా నిలబడ్డారు. "మరి నాకు కొసరేది?"

"మీకెందుకమ్మా కొసరు?"

"కేజీ చేప కొన్నోళ్ళకి గుప్పెడు చిన్నచేపలు పైన వేస్తాను. కొసరు లేని బేరం బేరమే కాదు. మెషీను లేకుండా ఇంట్లో చేసుకునేది ఒకటి చూపించు."

వదిలితే చాలని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చూపించాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, ఇచ్చిన కొసరు ఎంతకీ పోలేదు. ఆరోజు నుంచి వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా ఒక కొసరు ఇవ్వాల్సిందే.

రెండోవారంలో డంబెల్ ఒకటి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రెండుసార్లు అటూ ఇటూ ఊపి, "ఎంతని రాశాడు?" అన్నారు.

"ఐదు కేజీలమ్మా."

"నూటయాభై గ్రాములు తక్కువుంది."

జిమ్ములో అందరూ నవ్వారు. చినబాబుగారైతే పడీపడీ నవ్వారు. ఆయన రొయ్యల చెరువులున్న పెద్దమనిషి. ఎనిమిది నెలలుగా నా దగ్గరికి వస్తున్నా, కదిలేది ఆయన నోరొక్కటే. పందెం కట్టి మరీ కింద కొట్లోంచి కాటా తెప్పించారు. నాలుగు కేజీల ఎనిమిదివందల యాభై. నవ్వు ఆగిపోయింది. వారంరోజులపాటు కండలు పెంచడం మానేసి అందరూ నా డంబెల్సు తూచారు. సెకండ్‌హ్యాండులో కొన్న పాపానికి నేను తలెత్తుకోలేకపోయాను.

"తూకంలో మోసం చెయ్యకూడదు బాబూ," అన్నారు మరిడమ్మగారు జాలిగా. "ఆ నూటయాభైకీ బదులు ఇంకో కొసరు చూపించు."

ఇంకోరోజు, రెండు చేతుల్లో రెండు బరువులు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి నడవమన్నాను. "చేతుల్లో మోసేది సంచీ, బరువనేది నెత్తినే" అని, తువ్వాలు చుట్టగా చుట్టి తలమీద పెట్టుకుని, పదిహేను కేజీల ఇనపచక్రం దానిమీద ఎక్కించి, జిమ్మంతా తిరిగారు. అలవాటు చొప్పున "చేపలోయ్!" అని కేక కూడా వేశారు. వీధిలోంచి ఒకావిడ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

అయితే ఒక్క విషయం ఒప్పుకోవాలి. నేను చెప్పింది ఆవిడకి పట్టినట్టు ఇంకెవరికీ పట్టలేదు. "మెషీనుంది కదా, మళ్ళీ ఈ చేతి బరువులెందుకు?" అని ఒకరోజు అడిగితే, ఓపిగ్గా చెప్పాను. "మెషీను దారి తప్పనివ్వదమ్మా. తూలతామన్న భయం ఉండదు. నొప్పున్న కీలుని కాపాడుకుంటూ కండకి బలం పెంచుకోవచ్చు. కానీ తూలకుండా నిలబడ్డం మాత్రం అది నేర్పదు. చేతి బరువు పడితే ఒళ్ళంతా కలిసి పని చెయ్యాలి. రెండూ ఉంటేనే ముసలితనంలో మనపని మనం చేసుకోగలం."

"అంటే మెషీను రేవులో కట్టేసిన పడవ. చేతి బరువు నడిగోదారిలో పడవ."

డిప్లొమాలో ఆర్నెల్లు చదివిన పాఠం ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేశారు. నాకు కాస్త కుళ్ళు పుట్టింది.

"మరి కట్టేసిన పడవ లేనోళ్ళ మాటేంటి?" అన్నారు వెంటనే.

"ఎవరికి లేదమ్మా? ఇక్కడ ఆరు మెషీన్లున్నాయి కదా!"

"ఊరికే అడిగాలే."

ఆ 'ఊరికే'లు రోజురోజుకీ పెరిగాయి. కుర్చీ లేకపోతే దేనిమీద కూర్చుని లేవాలి? బల్ల. మోకాలు బాగా నొప్పైతే? బల్లమీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచండి, అలవాటయ్యాక ఒక్కోటీ తీసెయ్యండి. మనిషి ఆరడుగులుంటే ఎన్ని దిండ్లు? మనిషి కోపిష్టైతే ఎన్నిసార్లు చేయించాలి? నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, మీరు నాలుగడుగుల పది అంగుళాలున్నారు. ఆరడుగులతో మీకేం పని?" అన్నాను. నేను మరీ తెలివితక్కువవాణ్ణి కాదు. ఆరోజు మాత్రం ఆ పాత్ర చక్కగా పోషించాను.

చినబాబుగారు ఉప్పందించారు. "గంగాధర్‌గారూ, మీ కొసర్లన్నీ మరిడమ్మ ఇంటిదగ్గర ఎవరికో నేర్పిస్తోందంటండి. వాకిట్లో ఇటకలు, ఇసకమూటలు, తాళ్ళు. జిమ్ము పెట్టేసిందని చెప్పుకుంటున్నారండి."

నా కొసర్లతో నాకే పోటీయా అనుకున్నాను. మర్నాడు ఆవిడ "కొసరేది బాబూ?" అనగానే, "ఈరోజు నుంచి కొసర్లు లేవమ్మా. ఇది జిమ్ము, చేపల బజారు కాదు," అన్నాను. జిమ్ములో అందరూ విన్నారు.

మూడోనాడు ఆవిడ మళ్ళీ వచ్చారు. "పదిహేనుసార్లమ్మా" అన్నాను. "సరే" అన్నారు. పదిహేనూ చేశారు. తర్వాత మెషీను మీద పన్నెండు అంటే పన్నెండే చేశారు. బేరం లేదు, కొసరు లేదు. తుఫానుకి ముందు గాలి ఆగినట్టుంది నాకు. నోరారా "ఆరు" అనమ్మా తల్లీ అని నేనే బతిమాలుకునే స్థితికొచ్చాను. వెళ్తూ వెళ్తూ తలమీద చుట్టుకునే తువ్వాలు కూడా మర్చిపోయారు. అది ఇచ్చే వంకతో సాయంత్రం రేవు పక్కన వాళ్ళ పేటకి వెళ్ళాను. తువ్వాలు వంకే, అసలు పని రెండో జిమ్ము చూడ్డం.

చూశాను. వాకిట్లో చెక్కబల్ల, దానిమీద ఒక దిండు. దూలానికి వేసిన తాడుకి ఇసక నింపిన రొయ్యల మేతసంచీ. రెండు చేపల బకెట్లు. బల్లమీద ఆరడుగుల పెద్దాయన చెమటలు కక్కుతూ కూర్చున్నారు. మరిడమ్మగారి భర్త బుల్లియ్యగారు. ఎదురుగా నాలుగడుగుల పది అంగుళాల మరిడమ్మగారు, నడుం మీద చేతులేసుకుని అచ్చం నాలాగే నిలబడ్డారు.

"పదిహేను!" అన్నారీవిడ.

"ఐదు," అన్నారాయన.

"నీదీ వద్దు నాదీ వద్దు, పది!"

"పోవే, ఎనిమిది."

"సరే, ఎనిమిదే. లే!"

బేరంలో మరిడమ్మగారు ఓడిపోవడం నేను చూసిన మొదటిసారి అదే. బుల్లియ్యగారు ఎనిమిది లేచారు. ఆవిడ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, తప్పు చేసి దొరికిపోయినట్టు.

పక్కకి తీసుకెళ్ళి చెప్పారు. నిరుడు పడవెక్కబోతూ మోకాలు మడతపడి, నలుగురి ముందూ రేవులో పడ్డారట ఆయన. ఎముక విరగలేదు గానీ అప్పట్నుంచి రేవుకే పోలేదు. "గోదారికి వరద ఎర్రనీరొచ్చేసరికి చెయ్యి ఆనించకుండా పడవెక్కలేకపోతే దాన్ని అమ్మేస్తానని ఒట్టేసుకున్నాడు బాబూ. కొనేవాడు కూడా వచ్చాడు. నీ జిమ్ముకి రమ్మంటే, కుర్రాళ్ళ ముందు మళ్ళీ పడితేనో అంటాడు. అందుకే నీ దగ్గర కొసరు కొసరుగా పట్టుకొచ్చాను."

"కొనేవాడితో బేరమాడారా?" నోరు జారి అడిగేశాను.

"లేదు. వద్దన్నాను, అంతే."

నాకు సిగ్గేసింది. అందరి ముందూ నేనన్న మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. మాట తడుముకుంటూ, "ఆ రెండో దిండు తీయించి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"నెల. ఈ ఒక్కటీ తియ్యడం కుదరట్లేదు."

"కట్టేసిన పడవ కావాలమ్మా. పడతానన్న భయంలేకుండా కాళ్ళకి బలం రావాలి."

బుల్లియ్యగారు దూరం నుంచే అరిచారు. "ఇరవై రెండు మెట్లు నేనెక్కను!"

"పదకొండు ఎక్కండి," అన్నాను.

"అక్కణ్ణుంచి?"

"అక్కడ కుర్చీ వేస్తాను. కూర్చుని ఆలోచించుకోండి."

ఆయన మరిడమ్మగారి వంక చూశారు. "ఏమే, ఈయన నీకంటే ముదురులా ఉన్నాడే!" నా జిమ్ముకి వచ్చిన సర్టిఫికెట్లలో అదొక్కటే ఫ్రేము కట్టించదగ్గది.

డాక్టరుగారికి మళ్ళీ చూపించి, సరేనన్నాక మొదలుపెట్టాం. జిమ్ము మూసుండే మధ్యాహ్నం రెండింటికి ఆయన వచ్చేవారు. మా దగ్గర మెషీన్లు, ఇంటిదగ్గర బకెట్లూ ఇటకలూ. వారానికి మూడురోజులు పని, మిగతారోజులు విశ్రాంతి. ఆ విశ్రాంతి మీద కూడా మొగుడూ పెళ్ళాలు బేరమాడుకునేవారు. మెట్లమధ్య కుర్చీ పదిహేనురోజులే పనికొచ్చింది. తర్వాత అందులో చినబాబుగారు కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆషాఢం చివర్లో ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది, గోదారి ఎర్రబడిందని. నేను రేవుకి వెళ్ళేసరికి పేట పేటంతా అక్కడే ఉంది. పడవ నీళ్ళలో ఊగుతోంది. కొంటానన్న మనిషి కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. మరిడమ్మగారు మాత్రం అటు చూడకుండా, నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కుతున్నారు.

బుల్లియ్యగారు పంచె ఎగ్గట్టారు. కుడికాలు పడవలో పెట్టారు. పడవ ఇటు ఒరిగింది. చేతులు రెండూ గాల్లోనే ఉన్నాయి. రెండోకాలు తీశారు, లోపల నిలబడ్డారు. రేవంతా ఈలలు. కొనడానికి వచ్చినాయన నిశ్శబ్దంగా సైకిలెక్కాడు.

నేను కళ్ళు తుడుచుకుని చూసేసరికి బుల్లియ్యగారు మళ్ళీ ఒడ్డుమీదున్నారు.

"ఏమయ్యా, దిగిపోయావేంటి?" అని అరిచారు మరిడమ్మగారు.

ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తాపీగా, ఇంకోసారి పడవెక్కి నిలబడ్డారు. అప్పుడు ఆవిడవైపు తిరిగి మీసాల్లో నవ్వారు.

"ఇది నీ కొసరే!"