కార్బురేటర్ మీద నా చెయ్యి

నాన్న బండికి చోక్ పని చేసేది కాదు. రెండు సైలెన్సర్ల పాత టూ స్ట్రోక్ బండి అది. మాది నేత కుటుంబం; నాన్న చీరల మూటలు ఆ బండి మీదే బెజవాడ కొట్లకు వేసేవారు. ఆటోనగర్‌లో ఎంతమందికి చూపించినా ఆ చోక్ ముక్క దొరకలేదు. దాంతో పొద్దున్నే బండి స్టార్ట్ చెయ్యడం ఇద్దరి పనైంది. నాన్న కిక్ కొట్టేవారు. నేను పక్కన గొంతుక్కూర్చుని, చోక్‌కి బదులు కార్బురేటర్ గాలి పీల్చే నోటిని అరచేత్తో మూసేదాన్ని. లోపలికి లాగినట్టు చేతికి తెలుస్తుంది. సరిగ్గా అప్పుడు తియ్యాలి. ముందే తీస్తే అంటుకోదు, ఆలస్యమైతే ప్లగ్గు తడిసిపోతుంది. తమ్ముడికి ఎన్నిసార్లు చూపించినా కుదరలేదు. "వాడికి తొందరెక్కువ, నువ్వే రా తల్లీ" అనేవారు నాన్న. ఆ ఒక్క మాటకి రోజంతా పొంగిపోయి తిరిగేదాన్ని.

నాన్న పోయాక బండి నాకిమ్మని అడిగాను. "గుణదలలో మీకున్నది ఒక్క కారు పార్కింగు. ఎక్కడ పెట్టుకుంటావక్కా? ఇక్కడే ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది?" అన్నాడు తమ్ముడు. చల్లపల్లిలో వాళ్లింటి వరండాలో దుప్పటి కప్పి ఉంచాడు. అప్పట్లో పాత ఇనుము కొనేవాడు కూడా దాని వంక చూడలేదు కాబట్టి నేనూ నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు జనానికి ఈ బళ్ల పిచ్చి పట్టింది. కాఫీ షాపుల ముందు అవే, పెళ్లి ఫోటోల్లో అవే. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కారు కొనే డబ్బు పెట్టి అలాంటిదే కొన్నాడని తెలిసినప్పుడు, నాన్న గొప్పతనమేదో లోకానికి ఇన్నాళ్లకు తెలిసొచ్చినట్టు మురిసిపోయాను. పిచ్చిదాన్ని!

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న బండి చప్పుడు ఒక్కసారి వినాలనుంది. నువ్వొస్తే గానీ అది స్టార్టవ్వదు. ఆదివారం రావా?" నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికిష్టమని కాకరకాయ వేపుడు చేసి, డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను.

వాకిట్లో ఇద్దరు కొత్త మనుషులున్నారు. "మా ఫ్రెండ్సక్కా, పాత బళ్లంటే ఇష్టం" అన్నాడు. మంచిదేగా అనుకున్నాను. కొంగు బొడ్లో దోపుకుని కూర్చున్నాను. మోకాళ్లు కటకటమన్నాయి గానీ చెయ్యి ఏమీ మర్చిపోలేదు. తమ్ముడు కొట్టిన మూడో కిక్కుకి ఇంజను అందుకుంది. వాకిలంతా పొగ. సంతోషం పట్టలేక గట్టిగా ఏదో అన్నాను కూడా.

ఆ ఇద్దరిలో ఒకాయన తమ్ముడి చెయ్యి పట్టుకుని ఊపాడు. "రన్నింగ్ కండిషన్ అన్న మాట నిలబెట్టుకున్నారండీ. మనం అనుకున్న రేటే. ఇక ఎక్కించేద్దాం." గేటు బయట ట్రాలీ ఆటో ఉంది. వచ్చేటప్పుడు నేను దాన్ని దాటుకునే వచ్చాను.

"ఏంట్రా ఇది?" అన్నాను.

వాడు నా మొహం చూడలేదు. "స్టార్టయితే ఒక రేటక్కా, అవ్వకపోతే అందులో సగం కూడా రాదు. ముందే చెబితే నువ్వు రావుగా?"

ఒళ్లు మండిపోయింది. మళ్లీ కూర్చుని, కార్బురేటర్ నోటిని అరచేత్తో గట్టిగా మూసేశాను. ప్లగ్గు తడిసి, ఇంజను గిలగిల్లాడి ఆగిపోయింది. "ఇప్పుడు చేసుకోండి స్టార్టు" అన్నాను. ముగ్గురూ మార్చి మార్చి కిక్ కొట్టారు. చొక్కాలు తడిశాయి గానీ బండి ఉలకలేదు. "నీకు దణ్ణం పెడతానక్కా, ఒక్కసారి చెయ్యి పెట్టు" అన్నాడు తమ్ముడు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇక బేరం చెడింది, బండి ఇంట్లోనే ఉంటుంది అనుకున్నాను.

"పర్లేదండీ" అన్నాడు కొన్నాయన చెమట తుడుచుకుంటూ. "స్టార్టయినప్పుడు వీడియో తీశాను. నా దగ్గర కొనేవాళ్లకి అది చాలు."

ముగ్గురూ కలిసి చచ్చిన గొడ్డును ఎక్కించినట్టు దాన్ని ఆటోలోకి ఎక్కించారు. వేపుడు డబ్బా సంచిలోంచి తియ్యకుండానే వెనక్కి వచ్చేశాను.

వారం తర్వాత ఆ వీడియో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే వచ్చింది, బండి అమ్మకానికుందని. అందులో నా మొహం లేదు, గాజుల చెయ్యి ఒకటే కనిపిస్తుంది. పొగ లేచాక నా గొంతు వినిపిస్తుంది: "చూశావట్రా, నాన్న మనిద్దర్నీ గుర్తుపట్టారు!"

దాని కింద ఎవరో "ఎమోషన్ అదిరింది" అని రాసి, ఎంతకిస్తారని అడిగారు.