పడమటి బజారుకు వెళ్లొచ్చాక

ఇంటర్వ్యూలో నన్ను ఒక్క లెక్క కూడా అడగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ గదిలో ఏసీ చల్లగా ఉంది, నాకు కూల్‌డ్రింక్ తెప్పించారు, నలభై ఐదేళ్ల వయసులో నన్నెవరో "మేడమ్" అంటున్నారు. మనిషి మోసపోవడానికి ఆ మాత్రం చాలు.

నేను బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ. పెళ్లయిన కొత్తలో నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. అమ్మాయి పుట్టాక ఒకరోజు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, అన్నం తింటూ "మనింటి ఆడోళ్లు సంపాదిస్తేగానీ మనకు పూట గడవదా ఏంది?" అన్నారు. అంతే. మానెయ్యమని నన్నెవరూ అనలేదు. మా ఇళ్లలో అంత దూరం అనాల్సిన అవసరం రాదు.

తర్వాత ఇద్దరు పిల్లలు, వాళ్ల క్యారేజీలు, జ్వరాలు, ట్యూషన్లు, కూలీలకు అన్నాలు, అత్తగారి మందులు. అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్లింది. నిరుడు అబ్బాయి కూడా ఇంటర్‌కి గుంటూరు హాస్టల్‌కి వెళ్లిపోయాడు. పొద్దున పదింటికల్లా ఇంట్లో నేనూ అత్తగారే. వాడు వదిలేసి వెళ్లిన పదో తరగతి లెక్కల పుస్తకం తీసుకుని, అత్తగారు పడుకున్నాక మొదటి లెక్క నుంచి మొదలుపెట్టాను. త్రికోణమితి దగ్గర మొదట చెయ్యి ఆడలేదు. ఏడుపొచ్చింది. నాలుగు రోజులు కుస్తీ పట్టాక ఆడింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పాలో తెలియలేదు. మా ఆయనకు చెబితే "ఇప్పుడు నీకు పరీక్షలేమన్నా ఉన్నాయా?" అన్నారు.

సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్‌కి ఇంటర్వ్యూకి వెళితే, కరస్పాండెంట్ నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. ఏ ఊరు? ఎవరి కోడలు? చెప్పాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఆళ్లింటి కోడలా మీరు! టెన్త్ మ్యాథ్స్ మీకే మేడమ్. జూన్ నుంచి క్లాసులు. ఈలోపు కాస్త అడ్మిషన్ల పని చూడండి" అన్నాడు. టెన్త్ మ్యాథ్స్ అన్న ముక్క తప్ప నాకు ఇంకేమీ వినపడలేదు. ఇల్లలకగానే పండగ అయిపోయిందనుకున్నాను.

మా వైపు ప్రైవేటు స్కూళ్లలో పనిచేసిన వాళ్లకు ఈ అడ్మిషన్ల పని ఏమిటో చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో టీచర్లు ఎర్రటి ఎండలో ఊళ్లమీద పడి, గడప గడపకూ వెళ్లి, పాంప్లెట్లు పంచి, పిల్లల్ని తమ స్కూల్లో చేర్పించమని బతిమాలాలి. ఎవరు ఎక్కువమందిని తెస్తే వాళ్లే మంచి టీచరు. బోర్డు దగ్గర ఎవరెలా చెబుతారన్నది ఆ తర్వాతి సంగతి. నాకు మా ఊరే ఇచ్చారు.

మా ఊళ్లో ఆ పని ఎంత కష్టమో నాకు మొదటి ఇంట్లోనే తెలిసొచ్చింది. పక్కన మా స్కూల్లోనే తెలుగు చెప్పే చిన్నమ్మాయి ఒకతె, చేతిలో పాంప్లెట్ల కట్ట, మెడలో ఐడీ కార్డు. గడపలో అడుగుపెట్టగానే చాపేసి, బొట్టు పెట్టి, మంచినీళ్లిచ్చి, "ఎన్నేళ్లకొచ్చావే మా ఇంటికి" అంటారు. ఎదురుగా మిరపకాయల రాశి ఉంటుంది. ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఉంటారు. ఊరికే కూర్చోలేక నేనూ ఒక చెయ్యి వేస్తాను. మాట పిల్లల హాస్టల్ మీదికి, అత్తగారి మోకాళ్ల మీదికి, మిరప ధర మీదికి పోతుంది. స్కూల్ సంగతి ఎత్తితే, "నీకేం కర్మమ్మా, ఈ ఎండలో తిరుగుతన్నావు? మీ ఆయన ఏమీ అనడా?" అని జాలి పడతారు. లెక్కలు నేనే చెబుతానంటే నవ్వుతారు. చివరికి జాకెట్ ముక్క చేతిలో పెట్టి పంపిస్తారు. సాయంత్రానికి నా సంచిలో పంచని పాంప్లెట్లు, జాకెట్ ముక్కలు, వేళ్లకు కారం మంట. టీచర్‌గా వెళ్లి కోడలిగా తిరిగొచ్చాను. ఒళ్లు మండిపోయింది.

నాలుగో రోజు ఆ తెలుగు టీచరమ్మాయి, "ఆంటీ, పడమటి బజార్లో పిల్లలు చానా మంది ఉన్నారంట. అటు పోదామా?" అంది. నన్ను మేడమ్ అనమని దానికి మూడుసార్లు చెప్పాను.

పడమటి బజారు అవతలి పార్టీ వాళ్లది. మా బావగారు ఇవతలి పార్టీకి పెద్ద. పోయిన పంచాయతీ ఎన్నికల్లో కర్రలు లేచాక, ఈ బజారు వాళ్లు ఆ బజారు గడప తొక్కరు. పెళ్లికీ పోరు, చావుకీ పోరు. ఆ మలుపు దగ్గర నిలబడి ఆలోచించాను. పదో తరగతి పిల్లకు పార్టీ ఏముంటుంది? నా మెడలో స్కూల్ కార్డు ఉంది, నేను ఆ ఇంటి కోడలిగా రాలేదు, టీచర్‌గా వచ్చాను అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

అవతలి పార్టీ పెద్దమనిషి ఇంట్లో ఆయన భార్య నన్ను చూసి చేటలో కాయలు అలాగే వదిలేసి లేచింది. "రా వదినా" అంది గానీ కళ్లు లోపలి గది వైపు పోయాయి. ఆమె మనవరాలు పదో తరగతికి వస్తోంది. నేను ఆ పిల్ల గురించి మాట్లాడుతుంటే పెద్దమనిషి లోపల్నుంచి చొక్కా తొడుక్కుని వచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మీ బావగారు కులాసాగా ఉన్నారా అమ్మా?" అన్నాడు.

ఉన్నారన్నాను. మా స్కూల్లో లెక్కలు నేను చెబుతున్నానని, మీ పాప బాధ్యత నాదని చెప్పాను. ఆయన అంతా విని, పాంప్లెట్ రెండు వైపులా తిప్పి చూసి, "ఇంకేమన్నా చెప్పమన్నాడా?" అన్నాడు.

"ఎవరండీ?" అన్నాను.

"సర్లేమ్మా, అర్థమైంది. మా వోళ్లతో మాట్టాడి కబురు చేత్తాలే."

అడ్మిషన్ల గురించే అనుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో నా మాట పూర్తిగా విన్న మనిషి ఆయనొక్కడే. పొంగిపోయి ఇంటికొచ్చాను.

పొద్దుగూకేసరికి ఊరంతా ఒకటే మాట. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మా బావగారు రాజీ కోసం నాతో రాయబారం పంపాడట. మగవాడు వెళితే తల వంచినట్టవుతుందని, కోడలి మెడలో కార్డు వేసి, చేతిలో కాగితాలు పెట్టి పంపాడట. ఆ ఎండలో నేను బతిమాలుతూ తిరిగిందంతా ఒక ఎత్తుగడ అని ఊరు తేల్చేసింది. ఒక ఆడది ఉద్యోగం కోసం గడపలు ఎక్కుతుందన్నది మాత్రం ఎవరి బుర్రకూ తట్టలేదు.

ఆ పూట బావగారి మొహం కందగడ్డలా ఉంది. మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏమే, ఒళ్లు తెలుస్తుందా నీకు? ఆళ్లింటికి ఎట్టా పోయావు?" అని కేకలేశారు. రెండు రోజుల తర్వాత పడమటి బజారు నుంచి కబురొచ్చింది. సర్పంచ్ పదవి చెరిసగం పంచుకుందామంటే వాళ్లకు అభ్యంతరం లేదట. నమ్మకానికి గుర్తుగా వాళ్ల బజారు పిల్లలందరినీ నేను చెప్పిన స్కూల్లోనే చేరుస్తారట. బావగారికి రొట్టె విరిగి నేతిలో పడింది. "ఆ అమ్మాయికి తెలివుందిరా" అన్నారట మా ఆయనతో. నాకు తెలివుందని ఆయనకు అప్పుడు తెలిసింది.

నాకు మాత్రం జూన్ మీదే ధ్యాస. స్కూల్ తెరిచిన రోజు కొత్త చీర కట్టుకుని వెళ్లాను. కరస్పాండెంట్ చేతులు జోడించి ఎదురొచ్చి, గేటు పక్కన అద్దాల గదిలో టేబుల్ చూపించాడు. దాని మీద అడ్మిషన్స్ ఇన్‌ఛార్జ్ అని బోర్డు. టెన్త్ మ్యాథ్స్ ఏదండీ అన్నాను. గుంటూరు నుంచి ఒక సార్ వచ్చాడట.

"మిమ్మల్ని క్లాసులో కూర్చోబెడితే వేస్ట్ మేడమ్. ఊళ్లకు ఊళ్లు కదిలించే మనిషి మీరు. పేరెంట్స్ మీ మొహం చూసే వత్తన్నారు."

నేను పెద్దగా గొడవ చెయ్యలేదు. వారంలో మారుస్తాడనుకున్నాను. మార్చలేదు. నా పనల్లా వచ్చిన వాళ్లను కూర్చోబెట్టడం, మంచినీళ్లు ఇప్పించడం, కోపంగా వచ్చిన తండ్రులకు సర్దిచెప్పడం, కడుపునొప్పి వచ్చిన పిల్లల్ని పడుకోబెట్టడం. ఇన్నేళ్లూ ఇంట్లో చేసిందే, ఇక్కడ చెప్పులేసుకుని చేస్తున్నాను. నా గది గోడకు ఆనుకుని పదో తరగతి. కొత్త సార్ గొంతు వినిపిస్తుంది. అతను బాగానే చెబుతాడు. చెత్తగా చెబుతుంటే తిట్టుకోవడానికైనా ఉండేది. అతను ఒక లెక్క మొదలుపెడితే నా చెయ్యి టేబుల్ మీద గీతలు గీస్తూ ఉండేది. ఒకసారి పడమటి బజారు పిల్ల కిటికీ దగ్గర ఆగి, "మాకు మీరెప్పుడొత్తారు టీచర్?" అంది. ఆ పిల్లకు మొహం చూపించలేక రిజిస్టర్ తెరిచాను.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మా ఆయనతో, ఇక నేను మానేస్తాను అన్నాను. మా ఇల్లూ బావగారి ఇల్లూ పక్కపక్కనే, వసారా ఒకటే. బావగారు అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నారు, నా మాట చెవిన పడింది. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఏమైనా ఉంటే భర్తతోనో అత్తగారితోనో అనాలి. ఆయనా అంతే. అందుకే మా ఆయన్ని పిలిచి, నాకు వినపడేలా అన్నారు:

"ఒరేయ్, ఇప్పుడు మానేత్తే ఎట్టారా? ఆ పిల్లలు అక్కడ ఉన్నన్నాళ్లే ఆళ్లు మనతో ఉండేది. నామినేషన్లు అయ్యేదాకా ఓపిక పట్టమను. తర్వాత మానుకోమను, ఉండమను, మనకేంది."

నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. అప్పుడు ఉద్యోగం మాన్పించిందీ ఈ గొంతే, ఇప్పుడు మానొద్దంటున్నదీ ఈ గొంతే. ఆ రెంటికీ మధ్య నా బతుకు అయిపోయింది. నా కాళ్లు వాటంతటవే వసారాలోకి నడిచాయి. అత్తగారు "అమ్మాయ్" అని గట్టిగా పిలిచింది. నేను ఆగలేదు.

"బావగారూ," అన్నాను. ఆ ఇంటికి వచ్చాక ఆయన మొహం చూసి అన్న మొదటి మాట అది. "నేను పోయింది మీ పని మీద కాదు. పాఠం చెప్పుకోవడానికి పోయాను. అది మీరూ అడగలేదు, ఆ కరస్పాండెంటూ అడగలేదు. రేపట్నుంచి పోను."

ఆయన నా వైపు చూడలేదు. మా ఆయన వైపు చూసి, "మీ ఆవిడకు ఎండ దెబ్బ తగిలినట్టుంది, మజ్జిగ ఇయ్యరా" అన్నారు. లేచి వీధిలోకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున నేను చీర మార్చుకోలేదు. మా ఆయన టిఫిన్ చేసి, చెయ్యి కడుక్కుని, కాసేపు నన్నే చూశారు. ఏదో ఒక మంచిమాట అంటారేమో అనుకున్నాను.

"అయితే ఇంట్లోనే ఉంటావుగా, కూలోళ్లకు ఇయ్యాల అన్నం నువ్వే వండు" అన్నారు.

బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడుకుతుండగా ఫోన్ తీసి, మాచర్లలో ఒక స్కూల్ నంబర్ వెతికి కలిపాను. ఎవరో ఎత్తి వివరాలు అడగబోయారు. "నేను లెక్కల టీచర్ని" అన్నాను. "ముందు నాతో ఒక క్లాసు చెప్పించండి. మిగతావి తర్వాత అడగండి."